డ్రాగన్ కొమ్ములకు పసుపు కుంకుమ

మొన్న కంటి పరీక్షకని మా అమ్మాయి నన్ను కొండాపూర్ తీసుకువెళ్ళింది. నంబరు వచ్చేసరికి గంట పడుతుందనడంతో, ఎదురుగా ఉన్న మాల్‌లో చల్లగా ఉంటుందని అక్కడికి నడిపించి, ఒక బొమ్మల దుకాణం ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, తాను ఆఫీసు ఫోను మాట్లాడుకుంటూ అటు వెళ్ళిపోయింది. ఆ దుకాణం అద్దాల బీరువాలో రంగులు వేసిన చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉన్నాయి, కత్తులు పట్టిన వీరులు, గుర్రాలు, వాటి మధ్య రెక్కలు చాచుకుని జానెడు పొడవున ఒక డ్రాగన్. చూపు మసకగా ఉన్నా ఊరుకోలేక లేచి వెళ్ళి అద్దానికి ముక్కు ఆనించి చూశాను. కొమ్ములు మొదలు నుంచి కొస దాకా ఒకటే తెలుపు, సున్నపు డబ్బాలో ముంచి తీసినట్టు. వీపు మీది ముళ్ళూ అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. దీని కొమ్ములకు రంగు వేసింది ఎవరమ్మా అని కౌంటర్ దగ్గరున్న పిల్లను అడిగితే, ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, మనవడి కోసమా ఆంటీ, ముట్టుకోకండి, చాలా ఖరీదు అంది.

ముట్టుకోవద్దట! ఆ పిల్ల ఇంకా బడిసంచీ మోసుకుని తిరిగే రోజుల్లోనే నేను ఇలాంటి డ్రాగన్ ముళ్ళకు ఈ చేతులతో రంగు వేసినదాన్ని, అదీ ఊరూవాడా అట్టుడికిపోతున్న రోజుల్లో, మా వియ్యపురాలితో కీచులాడుకుంటూ. ఇప్పటి వాళ్ళకు చెబితే నవ్విపోతారు. ఆ రోజులు చూసిన నా ఈడు వాళ్ళకైతే కాస్త చెప్పుకోవచ్చు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న కాలమది. నేను చందానగర్ దగ్గర ఒక సర్కారు బడిలో టీచరును. సమ్మె పిలుపు వచ్చింది, మేమూ దిగాం. బస్సులు డిపోలు దాటవు, బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు, ఇవాళ రాస్తారోకో అంటే రేపు రైల్‌రోకో. సమ్మె న్యాయమైనదేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకున్నాను కూడా. కానీ మా అమ్మాయికి ఇవేమీ పట్టలేదు. బడి లేదు కనుక అమ్మ ఖాళీగా ఉంది, పనిమనిషి రావడం లేదు, పాపను చూసుకునేవాళ్ళు లేరు, అంతే, కూకట్‌పల్లిలో తన ఫ్లాటుకు నన్ను రప్పించేసింది. అమ్మాయికీ అల్లుడికీ ఇద్దరికీ హైటెక్ సిటీలోనే ఉద్యోగాలు. సరే, నాలుగు రోజులుందామని మా ఆయనను చందానగర్ ఇంట్లో వదిలి, రెండు జతల బట్టలు సర్దుకుని వెళ్ళానా, అక్కడ అప్పటికే మా వియ్యపురాలు ఉంది.

ఆవిడది గుంటూరు జిల్లా. మా పిల్లా వాళ్ళబ్బాయీ ఒకే ఆఫీసులో ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. పెళ్ళినాడు ఒకరికొకరం గంధం రాసుకుని, వదినా అంటే వదినా అనుకుని బాగానే ఉన్నాం. పది రోజులు మనవరాలితో గడిపి పోదామని వచ్చిన మనిషి రైళ్ళు ఆగిపోవడంతో ఇక్కడ చిక్కుబడిపోయింది. ఉన్నవి రెండు గదులు. ఒక మంచం మీద మేమిద్దరం వియ్యపురాళ్ళం, మధ్యలో పాప. తెల్లారకముందే లేచి ఆవిడ గిన్నెలు మోగిస్తుంది. నేను చేసిన పప్పులో పులుపెక్కువంటుంది. ఆవిడ నూరిన పచ్చడి నోట్లో పెట్టుకుంటే నాకు కళ్ళలోంచి నీళ్ళు కారతాయి. ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. అసలు తంటా టీవీతో వచ్చింది. సాయంత్రం వార్తలు పెట్టడం ఆలస్యం, ఆవిడ ఒక మాట, నేను ఒక మాట. హైదరాబాదుని అందరం కలిసి కట్టుకోలేదా అని ఆవిడ, ఇటుకలు మోసి కట్టింది మా జిల్లాల కూలీలు కాదా అని నేను. ఒకరోజు ఎవరో నాయకుడు మైకు ముందు ఊగిపోతూ ఏదో అనేశాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"అయితే మా వాణ్ణి కూడా పొమ్మంటారా ఏంటండీ వదినగారూ?"

"మిమ్మల్నెవరు పొమ్మన్నరు వదినా? ఊకె గదే మాట!" అని నేను గట్టిగానే అరిచాను. అంతే, ఆ సాయంత్రం నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అన్నం దగ్గర ఉప్పు కావాలన్నా పాపతో అడిగించుకునే దాకా వచ్చింది. మూడేళ్ళ పసిది ఉప్పు డబ్బా మోసుకుని మా ఇద్దరి మధ్యా తిరుగుతుంటే మా అమ్మాయి నెత్తి కొట్టుకునేది.

ఇది చాలదన్నట్టు ఇంట్లో ఆ డ్రాగన్ ఒకటి. మా అల్లుడు చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు, ప్రాణం మాత్రం బొమ్మలకు రంగులు వేయడం మీద. పిల్లలు ఆడుకునేవి కావట, విదేశాల్లో పెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఏవో ఆటల బొమ్మలట. భోజనాల బల్ల సగం ఆ డ్రాగన్‌దే. చుట్టూ వేలెడంత రంగు సీసాలు, వెంట్రుకంత కుంచెలు, మెడ వంచే దీపం ఒకటి, భూతద్దం ఒకటి. కంచం పెట్టుకోవడానికి చోటు ఉండదు. రంగు మీద దుమ్ము పడుతుందని ఫ్యాను వేయనివ్వడు. మొదటిసారి చూసినప్పుడు నేను మొసలి అనుకున్నాను. మా వియ్యపురాలు దాన్ని రెక్కల బల్లి అనేది. ఆ బల్లి కోసం పెళ్ళీడు దాటి తండ్రి కూడా అయిన మనిషి, ఆఫీసు నుంచి వచ్చీ రాగానే చొక్కా అయినా విప్పకుండా వెళ్ళి దాని ముందు కూర్చుంటాడు.

ఆ రంగు వేసే తీరు చూస్తే ఎంతటి వాళ్ళకైనా ఓపిక నశించాల్సిందే. తల వెనక్కి వంపు తిరిగిన రెండు పెద్ద కొమ్ములు, మెడ నుంచి తోక దాకా వరసగా ముళ్ళు. ముందు అన్నిటికీ ముదురు గోధుమ రంగు. అది ఆరాక కాస్త లేత రంగును మజ్జిగలా పల్చగా కలిపి, కుంచెను కాగితానికి అద్ది, కొమ్ము మొదట్లో కొంచెం వదిలేసి కొస వైపుకు సన్నని గీతలుగా లాగడం. అదీ ఆరాక ఇంకా లేత రంగు, ఇంకాస్త పైనుంచి. అలా పోగా పోగా మొదట్లో మట్టి రంగు, కొసకు వచ్చేసరికి దంతపు తెలుపు. గీత ఎప్పుడూ మొదలు నుంచి కొసకే లాగాలట, కుంచె ఎత్తిన చోటే రంగు ఎక్కువ దిగుతుందట. ఒక్కో కొమ్ముతో సాయంత్రాలకు సాయంత్రాలు గడిపేవాడు. ఒకే రంగు ఒకేసారి పూసి పారేస్తే పోదా బాబూ అని ఒకసారి నేను నోరు జారితే, నన్ను చూసిన చూపు నాకింకా గుర్తే.

తర్వాత మా అమ్మాయి అసలు సంగతి చెప్పింది. బంద్‌లతో పని సాగడం లేదని వాళ్ళ ఆఫీసు అల్లుణ్ణి పూణేకి మారమంటోందట. అతనికి వెళ్ళడం ఇష్టం లేదు. గచ్చిబౌలి వైపు కంప్యూటర్ ఆటలు తయారు చేసే కంపెనీ ఒకటి రంగుల మీద చెయ్యి తిరిగిన మనిషి కోసం వెతుకుతోందని తెలిసి అడిగితే, నీ చేతిపని ఒకటి తెచ్చి చూపించు, నచ్చితే తీసుకుంటాం అన్నారట. దసరా వెళ్ళిన రెండోనాడు రమ్మన్నారు. ఆ డ్రాగన్ నచ్చితే వీళ్ళు ఇక్కడ ఉంటారు, లేకపోతే పాపను తీసుకుని పూణే పోతారు. ఈ మాట విన్నాక ఆ మొసలి మీద నాకు ఒక్కసారిగా ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఫ్యాను లేకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నాను గానీ మళ్ళీ ఒక్క మాట అనలేదు. మా వియ్యపురాలు మాత్రం ఫోనులో వాళ్ళ చెల్లెలితో, పోతే పోతారే, పూణేలో ఈ గొడవలన్నా ఉండవు అనడం నా చెవిన పడింది. మాటల్లేవు కదా, ఏమని అడగను?

దసరాకు ముందే డ్రాగన్ పూర్తయింది. ఒక్క పైపూత మాత్రం మిగిలింది. రంగు చెదరకుండా, తడి తగలకుండా చివర్లో ఒక వార్నిష్ కొట్టాలి. అది దొరికే దుకాణాలు ఊళ్ళో ఒకటో రెండో, అవీ సమ్మెకు మూతపడ్డాయి. పోనీలే, వార్నిష్ లేకపోయినా చూపించడానికి ఇబ్బందేం లేదు, ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు అని అల్లుడు దాన్ని బల్ల మీదే ఉంచి, ఇంట్లో అందరికీ పేరుపేరునా చెప్పాడు. పాపకు రెండుసార్లు చెప్పాడు. పెద్దవాళ్ళకు కూడా రెండుసార్లు చెప్పాల్సింది.

దసరా వచ్చింది. పొద్దున్నే నేను కత్తిపీట, కుట్టుమిషను, అల్లుడి స్కూటరు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, సాయంత్రం జమ్మి ఆకు పంచడానికి కాలనీలోకి వెళ్ళాను. ఉద్యమం రోజులు కనుక ఆ యేడు జమ్మి దగ్గర ఒకరినొకరు కౌగిలించుకునే అలయ్‌బలయ్‌లు కూడా జోరుగానే సాగాయి. చేతినిండా జమ్మితో, మనసు నిండా సంతోషంతో ఇంటికి వచ్చి తలుపు తీశానా, మా అల్లుడు భోజనాల బల్ల ముందు తల పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే మా వియ్యపురాలు, చేతిలో పసుపు గిన్నె.

డ్రాగన్ రెండు కొమ్ములకూ, ఎడ్ల కొమ్ములకు పూసినట్టు, చిక్కటి తడి పసుపు. దాని మీద కుంకుమ బొట్లు. అంతటితో ఆగిందా, మెడ నుంచి తోక దాకా ఒక్క ముల్లు వదలకుండా ప్రతి కొసకూ పసుపు అద్ది, ఓపిగ్గా, ముచ్చటగా, చుక్క చుక్కగా బొట్టు పెట్టింది. తోక చివరి ముల్లు సన్నంగా ఉంటే అగ్గిపుల్లతో పెట్టింది. గడపకు కూడా ఎవరూ అంత శ్రద్ధగా పెట్టరు.

"ఏంటమ్మా ఇది? ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అని అల్లుడు ఏడుపు గొంతుతో అంటున్నాడు.

"రేపో మాపో పని మీద వెళ్ళే వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎలా పంపిస్తార్రా? స్కూటరుకి పెట్టారు, కత్తిపీటకి పెట్టారు, దీనికే లేదు. అపశకునం కదూ? తుడిస్తే పోతుందిలే!" అంటూ ఆవిడ బొమ్మను చేతిలోకి తీసుకుని వంటింట్లోకి నడిచింది. గిన్నెలు తోమే సబ్బు తీసింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని యేటా మూడో తరగతి పిల్లలకు కాగితం మీద చేసి చూపించేదాన్ని నేను. వద్దు వదినా, వద్దు వద్దు అని అరుస్తూ వెనకాల పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే అయిపోయింది. పసుపు ఎర్రబడింది, కుంకుమ కరిగి దిగింది, దంతపు తెలుపు కాస్తా తాంబూలం నమిలిన పళ్ళలా తయారైంది. పైపూత లేని రంగు ఆ నీళ్ళన్నీ శుభ్రంగా తాగేసింది.

ఇన్ని రోజుల మౌనవ్రతం అక్కడితో ముగిసింది. ఇంత చదువుకున్న ఇంట్లో ఇదేం పనని నేను, మీ సమ్మె లేకపోతే ఆ వార్నిషేదో దొరికేది కదండీ అని ఆవిడ. నిజంగా సమ్మె లేకపోతే వార్నిష్ దొరికేది. పసుపు పెట్టకపోతే వార్నిష్ లేకపోయినా నడిచేది. మా అమ్మాయి వచ్చి ఇద్దరినీ చెరో గదిలోకి నెట్టింది. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

చివరికి మా అల్లుడే లేచాడు. ఒక్క పగలు చేతిలో ఉంది. కొమ్ములు నేను చేసుకుంటాను, కానీ ముళ్ళన్నీ ఒక్కణ్ణే చేయలేను, మీరిద్దరూ కూర్చోవాలి అన్నాడు. మాకెక్కడ వస్తుంది బాబూ అంటే, పాడుచేయడం వచ్చింది కదా, బాగుచేయడమూ వస్తుంది అన్నాడు వాళ్ళమ్మ వైపు చూస్తూ. నేను పాడుచేయలేదు మొర్రో అని నాకు గొంతు దాకా వచ్చింది. కానీ పూణే గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది. బల్లను బాల్కనీలోకి లాగి, తల వైపు అల్లుడు, తోక వైపు మేమిద్దరం కూర్చున్నాం. కింద రోడ్డు మీద ఎవరిదో ఊరేగింపు, మైకులు, డప్పులు. మొదటి గంట మాకు కుంచె పట్టుకోవడం నేర్పడంలోనే పోయింది. మోచెయ్యి బల్లకు ఆనించండి, ఊపిరి బిగబట్టకండి, రంగు పల్చగా చేయండి, అంత పల్చగా కాదు, కుంచెను నోట్లో పెట్టుకోకమ్మా! పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు నేను ఎంత విసుక్కునేదాన్నో అతనూ అంతే విసుక్కున్నాడు. ఇద్దరికీ చత్వారమే. నా అద్దాలు ఆవిడ పెట్టుకుంటే ముల్లు బాగా కనిపించిందట, తీసి ఇవ్వదు. నేను ఆవిడ అద్దాలతో తలనొప్పి తెచ్చుకున్నాను.

పని ఇలా పంచుకున్నాం. ముళ్ళ మొదళ్ళలో ముదురు రంగు నాది, కొసల్లో తెలుపు ఆవిడది. గొడవంతా నడుమ దగ్గర వచ్చింది. రెండు రంగులూ ఎక్కడ కలుస్తున్నాయో తెలియకుండా కలిసిపోవాలి. ఆవిడ తెలుపు నా గోధుమ రంగు మీదికి దిగుతుంది. నేను దిద్ది మళ్ళీ పైకి వస్తాను. ఆవిడ మళ్ళీ కిందికి దిగుతుంది. రాష్ట్రం తగవు కింద రోడ్డు మీద నడుస్తుంటే, మేము పైన బాల్కనీలో ముల్లు ముల్లుకూ సరిహద్దు తగవు పెట్టుకున్నాం. తల ప్రాణం తోకకు వచ్చిందంటారే, అది నాకు ఆ డ్రాగన్ తోక దగ్గర నిజంగానే అనుభవమైంది. ఒకసారి ఆవిడ పెద్ద చుక్కొకటి నా రంగులోకి జార్చేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. అల్లుడు లోపలికి నీళ్ళు తేవడానికి వెళ్ళిన సమయం చూసి, మనసులో ఉన్నది అనేశాను.

"వదినా, నిజం జెప్పుండ్రి. పిల్లలు పూణే పోతే మంచిగుంటదనే గద మీకు? ఫోన్ల మాట్లాడింది నేను ఇన్న. గందుకే పెట్టిన్రా పసుపు?"

ఆవిడ కుంచె కింద పెట్టింది. నా అద్దాలు తీసి కొంగుతో తుడిచింది. ఇక కురుక్షేత్రమే అనుకుని నేను సిద్ధంగా ఉన్నాను. ఆవిడ గొంతు మాత్రం లేవలేదు.

"చెల్లెలి దగ్గర ఏదో ధైర్యానికి అన్నానండీ. పూణే వెళ్తే నాకేం ఒరుగుతుంది వదినగారూ? మా ఊరికి దగ్గరా, పాడా? ఇక్కడైతే రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి పిల్లాడి మొహం చూస్తాను. ఆయన పోయాక నాకున్న దారి అదొక్కటే. ఇక్కడే ఉండాలని, ఆ ఉద్యోగం రావాలని మొక్కుకుని మరీ పెట్టాను బొట్టు. ప్రతి ముల్లుకీ మొక్కుకున్నాను. ఇలా తగలడుతుందని నాకేం తెలుసండీ!"

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అంత ప్రేమను పట్టుకెళ్ళి తడి పసుపుతో పెట్టాలా మనిషి? లేచి వెళ్ళి రెండు కప్పుల చాయ్ పెట్టి తెచ్చాను. ఆవిడకు ఇష్టమని పంచదార ఒక చెంచా ఎక్కువే వేశాను. తాగి మళ్ళీ కూర్చున్నాం. కీచులాట మానలేదు, మాట్లాడుకుంటూ కీచులాడుకున్నాం. పొద్దు వాలేసరికి ముళ్ళన్నీ అయ్యాయి. మా అల్లుడు భూతద్దం పెట్టి చూసి, దూరం నుంచి పర్వాలేదు అన్నాడు. అంతకు మించిన మెప్పు మాకు దక్కలేదు.

తెల్లవారితే రమ్మన్న రోజు. అదే రోజు రోడ్ల దిగ్బంధం. కారు తీస్తే అసలు కదలనివ్వరు, స్కూటరైతే సందుల్లోంచి పోవచ్చు. వెనక కూర్చుని డబ్బా పట్టుకునే మనిషి కావాలి. ఆవిడ వస్తానంటే నేను వద్దన్నాను. దారిలో ఆపే వాళ్ళతో నా భాష పనికొస్తుందని నాకు తెలుసు. మెత్తలు పెట్టిన అట్టడబ్బాను ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఎక్కాను. జేఎన్‌టీయూ దాటి హైటెక్ సిటీ వైపు తిరిగామో లేదో రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. ఆ రోజులు చూసిన వాళ్ళకు తెలుసు, నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి, డేగిసాలు ఎక్కించి, అక్కడే వండి అక్కడే అందరూ తినేవారు, నిరసన అంటే అది. స్కూటరు ఆపేశారు.

"యాడికి పోతున్నరన్నా? బంద్ అని తెల్వదా?"

"అర్జెంటు పనండీ, కాస్త వదలండి ప్లీజ్" అన్నాడు మా అల్లుడు. ఆ మాటతీరుకు నలుగురు తలలు తిప్పారు. మీదే ఊరన్నా అని ఒకడు అడిగాడు. అల్లుడు గుంటూరండీ అన్నాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి. అతని వీపు బిగుసుకుపోవడం నాకు వెనక నుంచి కనిపించింది. స్కూటరు దిగాను.

"నా అల్లుడు. నా బిడ్డ మొగడు. నేను సర్కార్ బడి టీచర్ని, నేను గూడ సమ్మెల ఉన్న. ఈయన కొలువు ఈ డబ్బల ఉన్నది. ఇగ ఏమన్న అడుగుతవా?"

ఆ అడిగినవాడు నన్ను చూశాడు, డబ్బాను చూశాడు. మూత తీసి చూపించమంటే చూపించాను. డ్రాగన్‌ను చూసి అందరూ మూగారు. ఇదేంది మేడం, కొమ్ముల మొసలి అని ఒకరు, మస్తుగుంది అని ఒకరు, చెయ్యి పెట్టబోయినవాణ్ణి నేను బడిలో లాగానే గదమాయించాను. ఇక పోనివ్వండి నాయనా, వేళ మించిపోతోంది అంటే, ఆ అడిగినవాడే నవ్వుతూ, "అల్లుడంటున్నవ్, అల్లుడు తినకుంట ఎట్ల పోతడమ్మా?" అని విస్తరాకులు పట్టుకొచ్చాడు. నా తండ్రీ, వద్దు బాబూ అంటే వింటారా! అల్లుడు చేతి గడియారం చూసుకుంటూ, పొగలు కక్కే పులిహోర నోరు కాల్చుకుంటూ మింగాడు. నేను ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో విస్తరాకు. ఉద్యమానికి నేను చేసిన త్యాగాల్లో అంత కష్టమైంది ఇంకొకటి లేదు.

ఆలస్యంగానే చేరాం. గేటు బయట సెక్యూరిటీ మనిషి స్టూలు ఇస్తే ఎండలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక అల్లుడు ఖాళీ చేతులతో బయటికి వచ్చాడు. డ్రాగన్‌ను వాళ్ళు ఉంచుకున్నారట. ముళ్ళ గురించి ఏమన్నారు అని అడిగాను. ఏమీ అనలేదట, కొమ్ములూ ముళ్ళూ అసలు చూడనే లేదట, రెక్కల లోపలి నరాల రంగు చూసి ఎలా చేశావని అదే అడిగారట. రెక్కలకు ఎవరూ పసుపు పెట్టలేదు, వాటిని ఎవరూ దిద్దలేదు! ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే మా వియ్యపురాలు, చూశారా, నా బొట్టు మహిమ అంది. నేను వాదించలేదు. దీపావళి ముందు ఉద్యోగం ఖాయమైంది. పూణే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రైళ్ళు నడవగానే ఆవిడ ఊరికి వెళ్ళిపోయింది, వెళుతూ వెళుతూ నా అద్దాలు కూడా పట్టుకుపోయింది.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. టీవీలో ఆ మాట చెప్పిన సాయంత్రం చందానగర్‌లో మా వీధంతా రంగులే, పటాకులే. నేను కూడా ముసలితనం మరిచి చిందులేసి, గొంతు పోయి, ఒళ్ళంతా రంగుతో ఇంట్లోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. మా వియ్యపురాలు. దెప్పుతుందనుకుని నేనూ నాలుగు మాటలు సిద్ధం చేసుకునే ఎత్తాను.

"సాధించుకున్నారు వదినగారూ. సంతోషం" అంది ఆవిడ. "మా వాడిక మీ రాష్ట్రంలో ఉన్నాడండీ. పనిలో పడితే వేళకి తినడు, మీకు తెలుసు కదా. కాస్త చూసుకోండి."

ఊఁ అన్నాను. గెలిచిన రోజు మనిషి ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు కదా, ఏడ్చాను. సంతోషమూ నిజమే, ఆ ఏడుపూ నిజమే. ఇప్పటికీ రెండింట్లో దేన్నీ నేను కాదనను.

ఇప్పుడు నేను మోకాళ్ళ నొప్పులతో కూతురి దగ్గరే ఉంటున్నాను. అంతస్తులు లెక్కపెట్టలేని ఒక ఇంట్లో. ఈ ఇంట్లో ఎవరిది ఏ జిల్లా అని ఎవరూ ఎవరినీ అడగరు. ఇది మంచిదే. అయితే ఎవరూ ఎవరినీ ఏమీ కూడా అడగరు. మనవరాలిది ఏ ఊరంటే హైదరాబాద్ అంటుంది, అంతే. ఆ ఒక్క మాట కోసం ఎంతమంది ఎన్ని రోజులు నిద్రలు మానారో దానికి తెలియదు, తెలియకపోవడం దాని తప్పూ కాదు. ఒక మనిషిని దగ్గర ఉంచుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళు అంత గోల పడటం మాత్రం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వెళ్ళేవాళ్ళు వెళుతున్నారు, వచ్చేవాళ్ళు వస్తున్నారు, అందరూ మర్యాదగా చెయ్యి ఊపుతున్నారు. నాకు ఈ మర్యాద చూస్తే చిరాకు.

మా వియ్యపురాలు పోయి రెండేళ్ళు దాటింది. అల్లుడికి కణతలు నెరిశాయి, ఇంకా వేళకు తినడు. పిలిస్తే వస్తున్నానత్తయ్యా అంటాడు, రాడు. నేను కంచంలో అన్నం చల్లారిపోతోందని కేకలేస్తూనే ఉంటాను, చూసుకుంటూనే ఉన్నాను. ఆ మాట చెప్పుకోవడానికి ఆవిడ లేదు.